మూడు కోట్లన్నారు, ఏ మూడో చెప్పలేదు: పెదవాల్తేరులో ఇంటికి రంగులు వేయించిన రివ్యూ

చివరిదాకా చదివే ఓపిక లేనివాళ్ల కోసం ముందే చెప్పేస్తున్నా. ఇంటి లోపల పనికి ఐదుకి నాలుగున్నర. బయట గోడలకి మూడు. గ్రిల్స్‌కీ గేటుకీ కలిపి ఒకటి, అది కూడా ఆ కుర్రాళ్లు ఎండలో నిలబడి కష్టపడ్డారని ఇస్తున్నదే తప్ప పని చూసి ఇస్తున్నది కాదు.

సర్వీసు ఏంటంటే, ఫోన్‌లో బుక్ చేస్తే ఒక మనిషి ఇంటికొచ్చి కొలతలు తీసుకుంటాడు, ఆ సాయంత్రానికి కోట్, అంటే ఖర్చు అంచనా కాగితం, పంపుతారు, మనం సరే అంటే సామాను, మనుషులు, నిచ్చెనలు అన్నీ వాళ్లే తెచ్చుకుని రంగులేసి, నేల తుడిచి, ఇల్లు అప్పజెప్పి వెళ్తారు. వైజాగ్‌లో ఇప్పుడు ఇలాంటివి చాలానే ఉన్నాయి, కొన్ని పెయింట్ కంపెనీలు సొంతంగా నడిపేవి, కొన్ని బయటివాళ్లవి. నేను చేయించుకున్నది ఏదో పేరు రాయట్లేదు. భయపడి కాదు. మా వీధిలోనే ఇంకొకరు అదే సర్వీసు పెట్టుకుంటే వాళ్లకి వేరే టీమ్ వచ్చింది, మాకు బాగా కుదిరిన లోపలి పని వాళ్లకి చెడింది, మాకు చెడిన గేటు వాళ్లకి అద్దంలా వచ్చింది. ఇక పేరు రాసి ఏం లాభం? ఎవరితో చేయించుకున్నా పనికొచ్చేవే కింద రాస్తున్నా.

మాది పాత ఇల్లు, కింద ఒక వాటా, పైన ఒక వాటా. తూర్పు గోడకీ సముద్రానికీ మధ్య పెద్ద అడ్డమేమీ లేదు. ఒకప్పుడు చెట్లుండేవి, 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చి వాటిని పడుకోబెట్టేసింది. బీచ్‌కి దగ్గరని అద్దె నాలుగు రూపాయలు ఎక్కువ అడగొచ్చుగానీ, ఆ నాలుగు రూపాయలూ మళ్లీ గోడలకే, కిటికీ గడియలకే, ఏసీ బయటి యూనిట్‌కే పోతాయి. సముద్రానికి కాస్త దూరంగా, సీతమ్మధారలో ఉండే మా చిన్నాన్న వాళ్లు ఏడెనిమిదేళ్లకోసారి తీరిగ్గా రంగులు వేయించుకుంటారు. మాకు నాలుగో ఏడు దాటేసరికి తూర్పు గోడ పెచ్చులు మొదలు.

కొలతలకి వచ్చిన అబ్బాయి పద్ధతి నాకు చాలా నచ్చింది. టేపు కాదు, లేజర్ మీటర్ పెట్టి ఒక్కో గోడా కొలిచాడు, తలుపులు కిటికీలు తీసేసి లెక్క వేశాడు, చెమ్మ చూసే చిన్న మిషన్ గోడకి ఆనించి నాకే చూపించాడు. బాత్‌రూమ్ వెనక గోడ దగ్గర అది ఎర్రగా మెరిసింది, లోపల పైపు కారుతోందేమో ముందు ప్లంబర్‌ని పిలిపించండి, చెమ్మ మీద రంగేస్తే డబ్బులు దండగ అన్నాడు. పని వస్తుందంటే ఏదో ఒకటి చెప్పి ఒప్పించేసేవాళ్లని చూశాం కాబట్టి ఈ మాటకి మార్కులు వేశాను. చాలామంది "మా ఫ్లాట్ వెయ్యి అడుగులు, వెయ్యి ఇంటూ రేటు" అని మనసులో లెక్కేసుకుని బిల్లు చూసి టెన్షన్ పడతారు. రంగు లెక్క నేలది కాదు, గోడలది. గోడలూ సీలింగూ కలిపితే నేల వైశాల్యానికి మూడు రెట్లు సులభంగా దాటుతుంది.

ఇక కోట్ వచ్చింది. బయట గోడల దగ్గర "మూడు కోట్లు" (అంటే మూడు పూతలు) అని ఉంది, లోపల గోడల దగ్గర "రెండు కోట్లు" అని ఉంది. (ఫోన్‌లో మా తమ్ముడితో ఈ మాటలే అంటుంటే పక్క గదిలోంచి మా అమ్మమ్మ విని ఇల్లు బేరం పెట్టామనుకుంది. బయట ఖాళీ స్థలానికి మూడు, ఇంటికి రెండు అని విడివిడిగా లెక్క కూడా వేసేసుకుంది. పెదవాల్తేరు రేట్లకి ఆవిడ అనుకోవడంలో తప్పేం లేదు.)

ఏ మూడు అని అడిగాను. ప్రైమర్ ఒకటి, రంగు రెండు అన్నారు. మరి లోపల రెండంటే? అక్కడ రంగే రెండు, లప్పం, ప్రైమర్ వేరుగా ఉంటాయి మేడమ్ అన్నారు. అంటే ఒకే కాగితంలో పై లైనులో ప్రైమర్‌ని కోటుగా లెక్కేశారు, కింది లైనులో లెక్కెయ్యలేదు. మోసం అని అనను, వాళ్ల సాఫ్ట్‌వేర్‌లో అలాగే రాసి ఉందట. కానీ బయటికి ఒక కోటు ఎక్కువ వేస్తున్నారు కాబట్టి రేటు కాస్త ఎక్కువే ఉంటుందిలే అని మనంతట మనమే సర్దిచెప్పుకుంటాం చూడండి, అక్కడే అసలు తంటా.

పోల్చుకుందామని ఇంకో ఇద్దరి దగ్గర కూడా రేట్లు తీసుకున్నాం. అక్కయ్యపాలెం కాంట్రాక్టర్ లోపలికి "ఐదు కోట్లు" అన్నాడు. విడదీసి చెప్పమంటే లప్పం రెండు, ప్రైమర్ ఒకటి, రంగు రెండు. మా కాలనీలో అందరికీ వేసే మేస్త్రి "రెండు కోట్లు" అన్నాడు, రేటు అందరికంటే తక్కువ. ఆయన రెండులో ఏమున్నాయంటే రంగు రెండుసార్లు, అంతే. లప్పం ఎక్కడైనా గుంటలుంటే పూడుస్తాడు, ప్రైమర్ ఊసే లేదు. ఐదన్నవాడిదీ రెండన్న సర్వీసుదీ ఒకే పని, రెండన్న మేస్త్రిది వేరే పని. పైపైన చూస్తే ఐదు గొప్పది, రెండు రెండూ సమానం అనిపిస్తుంది.

ఏ పూత ఎందుకో తెలిస్తే ఈ గజిబిజి సగం పోతుంది. లప్పం గోడని చదును చేస్తుంది, అది రక్షణ ఇవ్వదు. ప్రైమర్ గోడ పీల్చుకునే గుణాన్ని తగ్గించి పైన వచ్చే రంగుకి పట్టు ఇస్తుంది, అది అందం ఇవ్వదు. మొదటి రంగు కోటు కింద ఉన్నదాన్ని కప్పుతుంది, రెండోది మందాన్నీ అసలు షేడ్‌నీ ఇస్తుంది. పాత రంగు గట్టిగా, పెచ్చులు లేకుండా ఉన్న గోడకి గోడంతా ప్రైమర్ అక్కర్లేదు, గీకిన చోట వేస్తే చాలు. కొత్త ప్లాస్టరింగ్ అయితే దాదాపు నాలుగు వారాలు ఆరకముందు ఏ పూతా వెయ్యకూడదు, సిమెంటులో క్షారం రంగుని తినేస్తుంది. మన ఇంటికి ఇందులో ఏది అవసరమో చెప్పకుండా ఉత్త అంకె చెప్పేవాడిని ఇంకో రెండు ప్రశ్నలు అడగండి.

బయట పని గురించి కొంచెం ఎక్కువ రాస్తా, మనూళ్లో అసలు పరీక్ష అక్కడే.

సముద్రపు గాలిలో ఉప్పు గోడ మీద కూర్చుంటుంది. ఉప్పుకి గాలిలో తేమని లాక్కునే గుణం ఉంది, అందుకే తుడిచినా ఆ గోడ చేతికి జిగటగా తగులుతుంది. రంగులో చిన్న నెర్రె ఉన్నా ఆ ఉప్పునీరు లోపలికి దిగుతుంది, ఎండ కాయగానే నీరు పోయి ఉప్పు గడ్డకట్టి స్ఫటికాలుగా పెరుగుతుంది, పెరుగుతూ పైన ఉన్న పొరని నెడుతుంది. పెచ్చు ఊడినచోట తెల్లటి పొడి కనిపించేది అందుకే, కొంత గాలిలోంచి వచ్చిన ఉప్పు, కొంత ఇటుకలోంచీ సిమెంటులోంచీ బయటికొచ్చిన లవణం. దాన్ని పూర్తిగా తీసేయకుండా దాని మీద మూడు కాదు, ముప్పై కోట్లు వేసినా అది లోపలినుంచి తన పని తాను చేసుకుపోతుంది. కాబట్టి తూర్పు గోడ విషయంలో నేను చూసింది రంగుని కాదు, గీకుడుని.

గీకుడు బాగానే చేశారు. ప్రెజర్ వాషర్‌తో నీళ్లు కొట్టారు, నాచు పట్టిన చోట ఫంగస్ మందు కొట్టి ఒక రాత్రి వదిలేశారు, వైర్ బ్రష్‌తో తూర్పు గోడ చాలా మేర సిమెంటు కనిపించేదాకా గీకారు, నెర్రెల్ని కొంచెం వెడల్పు చేసి ఫిల్లర్ నింపారు. సరుగుడు కర్రలతో పరంజా కట్టడం చూసి భయపడ్డానుగానీ మనుషులకి బెల్టులున్నాయి, అది మెచ్చుకోవాలి. ఇక్కడి వరకూ ఐదుకి ఐదు.

మార్కులు పోయింది తర్వాత. మేస్త్రి శ్రీకాకుళం వైపు మనిషి, యాభై దాటిన వయసు, పని తెలిసినవాడు. మొదటి కోటు వేసిన రోజే మధ్యాహ్నం రెండోది కూడా వేసెయ్యమని సూపర్‌వైజర్ ఫోన్. అప్పటికి మబ్బు పట్టి ఉంది, గోడ ఇంకా చల్లగా తగులుతోంది. ఆయన నా దగ్గరకొచ్చి, "ఏటమ్మా, పొద్దున్నొకటి మధ్యాన్నం ఒకటీ ఏసెయ్యమంటన్నారు. అప్పన్నబాబుకి గంధం కూడా నాలుగు విడతల్లో పూస్తారు, ఒక్కరోజే పూసెయ్యరు కదా" అన్నాడు. వైజాగ్ వాళ్లకి విడమర్చక్కర్లేదు, సింహాచలంలో అక్షయ తృతీయకి నిజరూప దర్శనం అయ్యాక మూడేసి మణుగుల చొప్పున, ఆషాఢ పౌర్ణమి దాకా విడతలుగా పన్నెండు మణుగుల చందనం స్వామికి సమర్పిస్తారు. నేను నవ్వేసి, ఆయన చెప్పిందే నాకూ కావాలని సూపర్‌వైజర్‌కి ఫోన్ చేశాను. డబ్బా మీద నాలుగు నుంచి ఆరు గంటలు అని రాసి ఉంది మేడమ్ అన్నాడతను. నిజమే రాసి ఉంది, కానీ ఆ లెక్క గాలిలో తేమ మామూలుగా ఉన్న రోజుకి. మన బీచ్ రోడ్డు గాలికి, అందులోనూ వాన మబ్బు ఉన్నరోజు, అది చాలదు. కింద పొర ఆరకుండా పైది వేస్తే లోపలి నీరు బయటికి రాలేక బొబ్బలు లేస్తాయి. గట్టిగా అడిగితే మర్నాటికి ఆగారు. మా వీధిలో ఇంకో ఇంటికి అడిగేవాళ్లు లేక ఒకే రోజు రెండూ పడిపోయాయి.

సమస్య మేస్త్రి కాదు, టీమ్ పనిని లెక్కగట్టే ఆ సర్వీసు యాప్. పొద్దున సాయంత్రం ఫోటోలు ఎక్కించాలి, ఫలానా రోజుకి ఫలానా పని పూర్తి అని గీత నిండాలి, లేకపోతే టీమ్‌కి డబ్బు కోత. మధురవాడలో ఇంకో ఇల్లు ఎదురుచూస్తోంది. ఫోటోలో ఒక కోటు ఆరిందో లేదో కనపడదు కదా.

తర్వాతది నీళ్లు. ఎమల్షన్‌లో, అంటే నీళ్లు కలిపి వేసే గోడ రంగులో, ఎంత నీరు కలపాలో ప్రతి డబ్బా మీదా రాసి ఉంటుంది, ఒక్కో రకానికి ఒక్కోలా. కొంచెం ఎక్కువ కలిపితే రోలర్ హాయిగా జారుతుంది, చెయ్యి నొప్పి పుట్టదు, రంగు ఎక్కువ దూరం వస్తుంది. ఆరాక నీరంతా ఆవిరైపోయి మిగిలేది పల్చటి పొర. ఆ పొర కూడా కోటే! కాగితం ప్రకారం రెండు కోట్లు పడ్డాయి, ఎవరినీ ఏమీ అనలేం.

దీనికి నాకు దారి చూపించింది మా ఎదురింటి బాబాయ్‌గారు. హిందుస్థాన్ షిప్‌యార్డ్‌లో పనిచేసి రిటైరయ్యారు, 1948లో నెహ్రూ చేతుల మీదుగా జల ఉష నీళ్లలోకి దిగిన యార్డు అది, ఆ మాట ఆయన కనీసం వారానికోసారి అంటారు. పరంజా కింద కుర్చీ వేయించుకుని కూర్చుని, "మేం కోట్లు లెక్కపెట్టేవాళ్లం కాదమ్మా, మైక్రాన్లు లెక్కపెట్టేవాళ్లం" అన్నారు. ఓడ నీటిలో మునిగే భాగానికి ముందు ఇనుము తళతళలాడేదాకా ఇసకలాంటి గ్రిట్‌ని గాలితో కొట్టి శుభ్రం చేస్తారు, ఆపైన తుప్పు పట్టకుండా ఎపాక్సీ పూతలు, అన్నిటికంటే పైన రాగి ఆక్సైడ్ ఉండే యాంటీఫౌలింగ్ పూత. ఆ రాగి కొద్దికొద్దిగా నీళ్లలోకి వదులుతూ ఉండటం వల్ల గుల్లలూ నాచూ ఓడకి అంటుకోవు. పచ్చిగా ఉన్నప్పుడు పళ్లున్న చిన్న రేకు గుచ్చి మందం చూస్తారు, ఆరాక మీటర్ ఆనించి చూస్తారు. మైక్రాన్ అంటే మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు. చెప్పినన్ని మైక్రాన్లు రాకపోతే ఇంకోసారి వెయ్యాల్సిందే, ఎన్ని కోట్లు పడ్డాయన్నది ఎవడికీ అక్కర్లేదు.

మరి ఇంటి గోడకి ఆ మీటర్ ఉందా అంటే, ఇనుము మీద పనిచేసే ఆ మీటర్ ఇటుక గోడ మీద పనిచెయ్యదు. దానికి బదులు లీటర్లు లెక్కపెట్టుకోమన్నారు బాబాయ్‌గారు. ఇది ఎంత సులువో చూడండి. మా బయట గోడలు కోట్ ప్రకారం 1800 చదరపు అడుగులు. వాళ్లు తెచ్చిన ఎక్స్‌టీరియర్ ఎమల్షన్ డబ్బా మీద రెండు కోట్లకి లీటరుకి 50 నుంచి 60 చదరపు అడుగులు అని ఉంది. బాగా సాగిందనుకున్నా 30 లీటర్లు కావాలి, గీకిన గరుకు గోడ కాబట్టి ఇంకా ఎక్కువే పట్టాలి. ఇంటికొచ్చింది ఒక ఇరవై లీటర్ల బకెట్టు, ఒక నాలుగు లీటర్ల డబ్బా. అంటే 24. డబ్బా ఫోటో, కోట్ ఫోటో పక్కపక్కన పెట్టి ఈ కూడికలే రాసి పంపాను. గొడవేం జరగలేదు, "ఇన్వెంటరీ పొరపాటు మేడమ్" అని ఆ సాయంత్రమే పది లీటర్ల బకెట్టు ఇంకోటి దిగింది. నేను పంపకపోతే ఆ 24 లోనే నీళ్లు పడి రెండు కోట్లూ పూర్తయ్యేవి, యాప్‌లో గీత నిండేది. బయట పనికి మూడు మార్కులే వెయ్యడానికి ఇదే కారణం.

ఇందుకే కోట్ అడిగేటప్పుడు ఎన్ని కోట్లు అని కాకుండా, ఏ రకం, ఎన్ని లీటర్లు అని రాయించుకోమంటున్నా. సీలు మన ముందే తియ్యమనండి, ఖాళీ డబ్బాలు పని అయ్యేదాకా ఇంట్లోనే ఉంచమనండి. సామాను మీరే కొనిస్తుంటే ఇంకో సంగతి, చాలా కంపెనీలు డబ్బాల్లోనూ లప్పం బస్తాల్లోనూ పెయింటర్ల కోసం టోకెన్లో, స్కాన్ చేసే కోడో పెడతాయి, దానికి వాళ్లకి డబ్బులొస్తాయి. అది వాళ్ల సంపాదన, తప్పుపట్టేదేం లేదు. మేస్త్రి ఒకే బ్రాండ్ కోసం పట్టుబడుతుంటే అదొక కారణం కావొచ్చని మాత్రం గుర్తుంచుకోండి.

లోపలి పనికి ఎక్కువ రాయడానికి ఏమీ లేదు, బాగున్నదాని గురించి రివ్యూ చిన్నదే అవుతుంది. సామానంతా గది మధ్యకి జరిపి ప్లాస్టిక్ కప్పారు, స్విచ్ బోర్డులకి టేపు వేశారు. లప్పం గీకడానికి చేత్తో ఎమ్రీ పేపర్ కాకుండా దుమ్ము లాక్కునే గొట్టం ఉన్న మిషన్ తెచ్చారు, ఆస్తమా ఉన్న మా అమ్మ పక్క గదిలోనే ఉండగలిగింది. పాత రోజుల్లో ఇంటికి రంగులంటే పది రోజులు అన్నంలో కూడా సున్నం రుచే. వంటింట్లో పొయ్యి వెనక గోడని ముందు సబ్బు నీళ్లతో జిడ్డు పోయేదాకా కడిగించాను, వాళ్ల లిస్టులో అది లేదు, అడిగితే చేశారు. పని తీసుకునే ముందు రాత్రిపూట గోడకి ఆనించి పక్కనుంచి టార్చ్ వేసి చూడండి, పగటి వెలుతురులో దాక్కునే గుంటలు, రోలర్ గీతలు అన్నీ నీడలతో సహా బయటపడతాయి. మా హాల్లో రెండు చోట్ల దొరికాయి, పెన్సిల్‌తో చుట్టి పెడితే మర్నాడు సరిచేశారు. అర మార్కు తగ్గించింది సీలింగ్ ఫ్యాన్ రెక్కల మీద చుక్కలకి.

రంగుల ఎంపికలో ట్యాబ్‌లో మన ఇంటి ఫోటో మీదే షేడ్ వేసి చూపిస్తారు, సరదాగా ఉంటుంది, నమ్మకండి. చిన్న శాంపిల్ డబ్బా తెప్పించుకుని గోడ మీద రెండడుగులు వేయించి పొద్దునా సాయంత్రమూ చూసుకోవడమే మేలు. ఎండ నేరుగా పడే తూర్పు, పడమర గోడలకి గంధం, ఇటుక, మట్టి రంగుల్లాంటివి ఎక్కువ కాలం నిలుస్తాయి, అవి ఐరన్ ఆక్సైడ్ రంగులు కాబట్టి. కొట్టొచ్చే గులాబీ, ఊదా మెరుపు షేడ్లు చాలావరకు మన ఎండకి తొందరగా వెలిసిపోతాయి.

ఇప్పుడు గ్రిల్స్.

కోట్‌లో "గ్రిల్స్, గేటు: రెండు కోట్లు ఎనామిల్" అని ఒక లైను. ఇనుముకి ఎనామిల్, అంటే నూనె రంగు, పై చొక్కా మాత్రమే. తుప్పుని ఆపేది కింద వేసే రెడ్ ఆక్సైడ్ లేదా జింక్ ఫాస్ఫేట్ ప్రైమర్, అది కూడా తుప్పంతా గీకి ఇనుము కనపడ్డాక, తేమ పట్టకముందే, ఆ పూటే వేస్తేనే. సముద్రం పక్కన అయితే ఉదయం గీకి సాయంత్రం వేద్దాం అనుకుంటే మధ్యాహ్నానికే సన్నటి గోధుమరంగు పొర మళ్లీ వచ్చేస్తుంది. మా టీమ్‌లో గోడల మేస్త్రికి ఇవన్నీ తెలుసుగానీ, గ్రిల్స్‌కి వచ్చింది వేరే ఇద్దరు కుర్రాళ్లు, మేము ఇంట్లో లేని పూట వచ్చారు. పైపైన ఎమ్రీ పేపర్ రుద్ది, తుప్పు మీదే నల్ల ఎనామిల్ రెండుసార్లు వేసి, ఫోటో తీసి ఎక్కించి వెళ్లిపోయారు. ఫోటోలో అద్భుతంగా ఉంది. వానలు మొదలైన కొద్దిరోజులకే బాల్కనీ గ్రిల్ అతుకుల దగ్గరనుంచి గోధుమరంగు చారలు కారి, కొత్తగా వేసిన గోడ మీద గీతలు పడ్డాయి. అంటే ఇనుముతో పాటు గోడ కూడా పాడు.

వాళ్లని అడిగితే కోట్‌లో ప్రైమర్ అని లేదు కదా అన్నారు. బయట గోడకి మూడులో ప్రైమర్ కలిసి ఉంటుంది, లోపల గోడకి రెండులో కలవదు, గ్రిల్‌కి అసలుండదు. ముగ్గురు మనుషులు కూర్చుని ఆలోచించినా ఇంత గందరగోళం తయారుచెయ్యలేరు.

చిన్నపిల్లలున్న ఇళ్లకి ఒక మాట. ఇళ్లకి వాడే రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల పాళ్లలో 90 పాళ్లు) దాటకూడదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబర్ నుంచి అమల్లోకి వచ్చింది. అంతకు ముందు గ్రిల్స్‌కి, తలుపులకి వేసిన పాత ఎనామిల్ పొరల్లో సీసం ఉండే అవకాశం ఎక్కువ. మా గ్రిల్స్ మీద అడుగు పొర హుద్‌హుద్‌కి ముందుది. అలాంటివి పొడిగా గీకించకండి, తడిపి గీకమనండి, కింద షీటు పరిపించండి, పిల్లల్ని ఆ పూట చుట్టాలింటికి పంపెయ్యండి. ఈ సర్వీసువాళ్లు దాని గురించి నోరెత్తలేదు, నేను అడిగాక మాస్కులు తెచ్చుకున్నారు.

వారంటీ కాగితం కూడా చదివాను, బయటికి ఏడేళ్లు అని పెద్ద అక్షరాలు. చిన్న అక్షరాల్లో ఏముందంటే, పాడైతే రంగు ఇస్తారు, కూలీ మనదే. పునాది నుంచి ఎక్కే చెమ్మ, ప్లాస్టర్ నెర్రెలు, ఇనుప సామాను లెక్కలోకి రావు. ఇంకా, వాళ్లు చెప్పిన ప్రైమర్, చెప్పినంత నీరు, చెప్పినన్ని కోట్లు పడి ఉండాలి. చెప్పినంత నీరు పడిందని నేనెలా రుజువు చెయ్యాలో ఆ కాగితంలో లేదు. డబ్బాల బ్యాచ్ నంబర్ల ఫోటోలు, వాళ్లు పంపిన మెసేజులు దాచుకున్నా, ఉపయోగపడతాయో లేదో చూద్దాం.

డబ్బు సంగతి. విడిగా మేస్త్రిని పెట్టుకుని సామాను మనం కొనే పద్ధతి కంటే మాకు దాదాపు పావు వంతు ఎక్కువైంది, దాని మీద 18 శాతం జీఎస్టీ. ఈ ఎక్కువ దేనికంటే మిషన్‌కి, దుమ్ము లేకుండా ఉండటానికి, రోజూ మనుషులొస్తారా రారా అని ఎదురుచూసే బాధ లేకపోవడానికి. ఇంట్లో పెద్దవాళ్లు, ఉద్యోగానికి వెళ్లేవాళ్లు ఉంటే లోపలి పని వరకు ఆ ధర న్యాయమే అంటాను. అడ్వాన్సు సగం అడిగారు, బేరమాడితే మూడో వంతుకి ఒప్పుకున్నారు, చివర పదిశాతం టచప్ అయ్యాకే ఇస్తానని మెసేజ్‌లో ఒప్పించుకున్నాను. ఆ పదిశాతమే తర్వాత నన్ను కాపాడింది.

ఎప్పుడు వేయించాలన్నది కూడా అడుగుతున్నారు. సంక్రాంతికి ముందు ఊరంతా వేయిస్తారు, మంచి మేస్త్రులు దొరకరు, పైగా అక్టోబర్, నవంబర్ మనకి తుఫాన్ల కాలం. దసరాకి కూడా అంతే. పండగ పట్టింపు లేకపోతే బయట పని సంక్రాంతి దాటాక, ఎండలు ముదిరేలోపు పెట్టుకోండి, గోడ ఆరి ఉంటుంది, మనుషులు తీరిగ్గా దొరుకుతారు. మే నెల ఎండలో రంగు రోలర్ మీదే ఆరిపోయి అతుకుల గీతలు పడతాయి. లోపల పని వానాకాలంలో తప్ప ఎప్పుడైనా పర్వాలేదు.

గ్రిల్స్ గొడవ ఎలా తేలిందో చెప్పి ఆపేస్తా. చారల ఫోటోలు పంపి, మిగిలిన పదిశాతం ఇవ్వనన్నాక సూపర్‌వైజర్ స్వయంగా వచ్చాడు, చూశాడు, వాదించలేదు. ఈసారి కుర్రాళ్లతో పాటు శ్రీకాకుళం మేస్త్రిని పంపమని అడిగితే పంపారు. బాల్కనీ గ్రిల్, గేటు ఇనుము దాకా గీకి, అదే పూట ప్రైమర్ వేసి, మర్నాడు ఇంకోసారి ప్రైమర్, ఆపైన ఎనామిల్ వేశారు, గోడ మీద చారలకి ప్యాచ్ వేశారు. ప్యాచ్ షేడ్ ఎండలో కొంచెం తేడాగా కనిపిస్తోంది, మళ్లీ గోడంతా వెయ్యమని అడిగితే అది వారంటీలో లేదన్నారు. పైవాటా కిటికీ గ్రిల్స్ ఇంకా మిగిలున్నాయి, వానలు తగ్గాక వస్తామన్నారు, పదిశాతంలో సగం నా దగ్గరే ఉంది. మళ్లీ వీళ్లనే పిలుస్తావా అంటే, లోపలికి పిలుస్తా. బయటికి ఆ మేస్త్రి వస్తాడంటేనే పిలుస్తా, కోట్‌లో లీటర్లు రాయించుకుని. ఇనుము పని మాత్రం ఎదురింటి బాబాయ్‌గారు షిప్‌యార్డ్‌లో తనతో పనిచేసిన ఒకాయన ఇప్పుడు విడిగా చేస్తున్నాడని చెప్పారు, వచ్చేసారి ఆయన్ని కనుక్కుంటా.